పటం కాదు, పట్టిక చదవండి

(నగర జోనింగ్, భవన నిర్మాణ నియమాల మార్పులపై పౌరుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నగరాభివృద్ధి నియమాలకు సవరణలు ప్రతిపాదిస్తూ ముసాయిదా వెలువడిందంటే ఏ నగరంలోనైనా జనం ముందు చూసేది జోనింగ్ పటమే, అంటే ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో రంగుల్లో చూపే పటమే. తమ వీధి ఎక్కడుందో వెతుక్కుంటారు. పసుపు రంగు నివాసాలకు, ఊదా రంగు పరిశ్రమలకు, ఆకుపచ్చ పార్కులకు. మన వీధి రంగు మారలేదు కదా అని కొందరు ఊపిరి పీల్చుకుంటారు. రంగు మారినవారు సంతోషిస్తారు, లేదా కలవరపడతారు. ఆ తర్వాత చాలామంది ఆ పత్రాన్ని మూసేస్తారు. పత్రికలు కూడా ఫ్లోర్ ఏరియా రేషియో (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే అంకె) ఎంత పెరిగిందో, ఎన్ని అంతస్తులకు అనుమతి వచ్చిందో శీర్షికల్లో రాసి ఊరుకుంటాయి.

ఇవాళ మీకు ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పాలని వచ్చాను. పటం ఇచ్చేదాన్ని పట్టిక తీసేసుకోగలదు. పత్రం చివర అనుబంధాల్లో చిన్న అక్షరాల్లో ఉండే పట్టికలు ఉంటాయి చూడండి: సెట్‌బ్యాక్, అంటే స్థలం అంచుల నుంచి ఖాళీగా వదలాల్సిన దూరం, ఎంత, పార్కింగ్ ఎంత, కనీస స్థల విస్తీర్ణం ఎంత, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు ఎంత అనేవి. నగరం తలరాత అక్కడ రాసి ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

దీన్ని మాటల్లో చెబితే నమ్మకం కలగదు. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక స్థలం గీద్దాం. రోడ్డు వైపు 10 మీటర్లు, లోపలికి 20 మీటర్లు. మొత్తం 200 చదరపు మీటర్లు. ఫ్లోర్ ఏరియా రేషియో 2 అనుకుందాం. అంటే అన్ని అంతస్తులూ కలిపి 400 చదరపు మీటర్లు కట్టుకోవచ్చని నియమం చెబుతోంది. బాగుంది. ఇప్పుడు సెట్‌బ్యాక్ పట్టిక తీయండి. ముందు 3 మీటర్లు, వెనక 2 మీటర్లు, రెండు పక్కలా ఒకటిన్నర మీటరు చొప్పున వదలాలట. వెడల్పులో మిగిలింది 7 మీటర్లు, పొడవులో 15 మీటర్లు. అంటే అంతస్తుకు 105 చదరపు మీటర్లు. స్థలంలో దాదాపు సగం పోయింది.

ఎత్తు పరిమితి 10 మీటర్లు అనుకుందాం. మూడు అంతస్తులు వస్తాయి. మూడు నూట అయిదులు 315. నియమం మాట ఇచ్చిన 400 అప్పుడే 315 అయింది. ఇంకా పార్కింగ్ పట్టిక చూడలేదు. ఆరు చిన్న ఇళ్లు కడదామనుకున్నారు, ఇంటికి ఒక కారు చోటు తప్పనిసరి అన్నారు. ఒక కారు నిలవడానికి పన్నెండు చదరపు మీటర్ల పైచిలుకు చాలు. కానీ కారు లోపలికి రావాలి, తిరగాలి, బయటికి పోవాలి. ఆ దారి కూడా కలుపుకుంటే కారుకు సుమారు 25 చదరపు మీటర్లు పడుతుంది. ఆరు కార్లకు 150. మన దగ్గర ఉన్నది 105. అంటే కింది అంతస్తు మొత్తం కార్లకే ఇచ్చినా నాలుగు కార్లే పడతాయి, కాబట్టి నాలుగు ఇళ్లే కట్టగలం. కింది అంతస్తును ఎత్తులో లెక్కించే నగరంలో అయితే మనుషులకు మిగిలేది పైన రెండు అంతస్తులు, 210 చదరపు మీటర్లు. అందులోంచి మెట్లకు కూడా చోటు తీయాలి.

ఇప్పుడు ఆలోచించండి. నిన్నటిదాకా ఆ వీధిలో ఫ్లోర్ ఏరియా రేషియో ఒకటిన్నర ఉండేదనుకుందాం. దాన్ని 2కు పెంచారు. శీర్షిక వచ్చింది. అభినందనలు వచ్చాయి. నిరసనలూ వచ్చాయి. కానీ ఈ స్థలంలో నిన్న కట్టగలిగింది 210, ఇవాళ కట్టగలిగేదీ 210. ఏమీ మారలేదు. పొగిడినవారూ తిట్టినవారూ జరగని మార్పు గురించి మాట్లాడుకున్నారు.

పెద్ద స్థలం సంగతి వేరు. 50 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు ఉన్న స్థలం తీసుకోండి. నాలుగు వైపులా 6 మీటర్లు, అంటే ఇందాకటి ముందు సెట్‌బ్యాక్‌కు రెట్టింపు వదిలినా పోయేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. చిన్న స్థలానికి సగం పోయిందని చూశాం. మీటర్లలో రాసిన నియమం చూడటానికి అందరికీ సమానంగానే ఉంటుంది, నిజంలో చిన్న స్థలం మీద భారం ఎక్కువ పడుతుంది. అందుకే చిన్న యజమానులు సొంతంగా కట్టుకోలేక నాలుగైదు స్థలాలు కలిపే బిల్డరుకు అమ్ముకుంటారు. నగరంలో చిన్న చిన్న మూడంతస్తుల ఇళ్లు ఎందుకు కనబడవు, అయితే ఒంటరి ఇల్లు, లేకపోతే పెద్ద టవరు, ఈ రెండే ఎందుకు వస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు. వాస్తుశిల్పుల అభిరుచి మీద నెపం వేయకండి. ఈ పట్టికలే చాలావరకు కారణం.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని మినియాపొలిస్ నగరం 2018 డిసెంబరులో కొత్త బృహత్ ప్రణాళిక ఆమోదించింది. ఒంటరి ఇళ్లు మాత్రమే కట్టాలనే నిబంధన ఎత్తేసి, ప్రతి నివాస స్థలంలోనూ మూడు ఇళ్ల దాకా కట్టుకోవచ్చంది. ప్రపంచమంతా దాని గురించే రాసింది. అయితే ఆ మూడు ఇళ్లూ పాత ఒంటరి ఇంటికి అనుమతించే పరిమాణంలోనే ఇమడాలని చాలా వీధుల్లో నియమం మిగిలింది. ఫలితం ఏమిటంటే మూడిళ్ల భవనాలు చాలా కొద్దిగా వచ్చాయి. అదే నగరం పెద్ద రోడ్ల వెంట ఎత్తు పెంచింది, 2021లో పార్కింగ్ తప్పనిసరి నిబంధనను నగరమంతటా రద్దు చేసింది. ఇళ్లు నిజంగా పెరిగింది వీటివల్ల. శీర్షికల్లోకి ఎక్కిన సవరణ కంటే పట్టికలో చేసిన సవరణ ఎక్కువ పని చేసింది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌ది మరో అనుభవం. 2016లో అమల్లోకి వచ్చిన ఏకీకృత ప్రణాళికలో నివాస భూమిలో సుమారు ముప్పాతిక భాగంలో మునుపటికంటే ఎక్కువ ఇళ్లకు అనుమతి ఇచ్చారు. ఎత్తు, సెట్‌బ్యాక్, ఇళ్ల సంఖ్య, కనీస విస్తీర్ణం అన్నీ ఒక్కసారిగా, ఒకదానికొకటి పొసిగేలా మార్చారు. ఆ తర్వాత ఆరేళ్లలో ఏటా ఇచ్చే ఇళ్ల అనుమతులు రెట్టింపు దాటాయి. వాటిలో పెద్ద భాగం గోడలు కలిసి ఉండే వరుస ఇళ్లే. ఆకాశహర్మ్యాలు కాదు.

హ్యూస్టన్ సంగతి కూడా చెప్పాలి. ఆ నగరంలో జోనింగే లేదని అంటారు, అది నిజమే. 1948, 1962, 1993లలో ప్రజలు ఓటు వేసి జోనింగ్ వద్దన్నారు. అయినా కనీస స్థల విస్తీర్ణం నిబంధన అక్కడా ఉండేది, 5000 చదరపు అడుగులు. 1998లో నగర మధ్య భాగంలో దాన్ని 1400కు తగ్గించారు. ఒక్క అంకె మారింది. ఒక పాత ఇల్లు ఉన్న చోట మూడు వరుస ఇళ్లు వచ్చాయి, వేల సంఖ్యలో వచ్చాయి. పెద్ద స్థలాలే ఉండాలని కోరుకునే వీధులు దరఖాస్తు చేసుకొని మార్పు నుంచి బయట ఉండే వీలు కూడా కల్పించారు. ఆ వెసులుబాటు వల్లే వ్యతిరేకత చల్లబడిందని నా అభిప్రాయం. జోనింగ్ లేని నగరంలో కూడా పట్టిక ఉంటుందనీ, దానిలో ఒక్క గడి మారితే వీధుల రూపమే మారుతుందనీ ఇందులో చూడండి.

పార్కింగ్ గురించి ఇంకొంచెం మాట్లాడాలి. ఎక్కువ మంది పట్టించుకోనిదీ, ఎక్కువ నష్టం చేసేదీ అదే. అమెరికాలో కొలంబస్ నగరం 1923లో అపార్ట్‌మెంట్లకు పార్కింగ్ తప్పనిసరి చేసింది. అక్కడి నుంచి ఆ నియమం ఒక నగరాన్ని చూసి మరొక నగరం రాసుకుంటూ ప్రపంచమంతా పాకింది. ఇంటికి ఒకటా, ఒకటిన్నరా, రెండా అన్న అంకె వెనక చాలా చోట్ల అధ్యయనమే లేదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించిన డొనాల్డ్ షూప్ దశాబ్దాల పాటు ఆ అంకెల మూలాలు తవ్వి తీశారు. ఉచిత పార్కింగ్ ఉచితం కాదని, దాని ఖర్చు ఇంటి అద్దెలో, సరుకుల ధరలో కలిసిపోయి కారు లేనివాడు కూడా చెల్లిస్తున్నాడని ఆయన చూపించారు. నాకు ఇందులో అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఈ చివరి మాటే. సైకిలు మీద పనికి వెళ్లే మనిషి తాను ఎన్నడూ కొనని కారుకు గది కట్టిస్తున్నాడు.

లండన్ 2004లో కనీస పార్కింగ్‌ను తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టింది. మెక్సికో నగరం 2017లో అదే పని చేసింది. అదే ఏడాది అమెరికాలోని బఫెలో నగరం కనీస పార్కింగ్‌ను నగరమంతటా రద్దు చేసింది. రద్దు చేస్తే కార్లన్నీ వీధి మీదికి వస్తాయి కదా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జపాన్ దానికి వేరే దారిలో సమాధానం చెప్పింది. 1962 నుంచి అక్కడ కారు కొన్నవారు తమకు నిలిపే చోటు ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. బాధ్యత కారు యజమానిది, ఇంటిది కాదు. టోక్యో సందుల్లో చిన్న స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేవగలుగుతోందంటే ఇది ఒక కారణం.

ఇంతకీ ఈ నియమాలు ఎందుకు పుట్టాయో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం. నియమాలన్నీ చెడ్డవని చెప్పడానికి నేను రాలేదు. 1666లో లండన్ తగలబడింది. మరుసటి ఏడాది చేసిన చట్టం కొత్త ఇళ్లు ఇటుకతో, రాతితో కట్టాలంది. ఆ నియమం ప్రాణాలు కాపాడింది. 1915లో న్యూయార్క్‌లో ఈక్విటబుల్ భవనం లేచింది. ఎకరం కూడా లేని స్థలంలో 38 అంతస్తులు, 12 లక్షల చదరపు అడుగులు, ఎక్కడా వెనక్కి జరగకుండా నిటారుగా లేచింది. దాని నీడ చుట్టుపక్కల భవనాలను కమ్మేసింది. మరుసటి ఏడాది, 1916లో, న్యూయార్క్ జోనింగ్ తీర్మానం చేసింది. ఎత్తు పెరిగేకొద్దీ భవనం వెనక్కి జరగాలంది. వీధిలోకి వెలుగు రావాలనే కోరిక అది. అగ్ని, పొగ, చీకటి, వరద అనే నిజమైన హానులను ఆపడానికి పుట్టిన నియమాలకు చేతులెత్తి మొక్కుతాను.

కానీ అదే కాలంలో నియమం వేరే పనికి కూడా వాడుకున్నారు. ఒహాయో రాష్ట్రంలో యూక్లిడ్ అనే ఊరి జోనింగ్‌ను అమెరికా సుప్రీంకోర్టు 1926లో సమర్థించింది. ఆ తీర్పులో అపార్ట్‌మెంట్‌ను పరాన్నజీవితో పోల్చారు. చుట్టూ ఉన్న ఒంటరి ఇళ్ల ఆహ్లాదాన్ని పీల్చుకొని బతికేదని రాశారు. ఫ్యాక్టరీ పొగను ఇళ్లకు దూరంగా పెట్టడం సబబే. అద్దె ఇంట్లో ఉండే కుటుంబాన్ని సొంత ఇంటి కుటుంబానికి దూరంగా పెట్టడం ఏ హానిని ఆపుతుంది? అంతకు ముందు, 1910లో, బాల్టిమోర్ నగరం నల్లవారు ఏ వీధిలో ఉండాలో, తెల్లవారు ఏ వీధిలో ఉండాలో చట్టం చేసింది. అలాంటి చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 1917లో చెప్పింది. ఆ తర్వాత మనుషుల పేరు చెప్పకుండా కనీస విస్తీర్ణం పేరుతో, ఒంటరి ఇళ్ల పేరుతో అదే ఫలితం సాధించిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. పెద్ద స్థలం కొనగలిగినవాడే ఉండాలంటే, కొనలేనివాడు రాకూడదనే కదా.

కాబట్టి మీ ముసాయిదాలో ప్రతి అంకె దగ్గరా ఆగి ఇది ఏ హానిని ఆపుతోందని అడగండి. సమాధానం దొరికితే, ఆ హానిని నేరుగా కొలిచే నియమం రాయవచ్చేమో చూడండి. జపాన్‌లో నీడకు నియమం ఉంది. పగలు అతి తక్కువగా ఉండే రోజున, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య, ఒక భవనం పొరుగు స్థలం మీద ఎన్ని గంటలు నీడ వేయవచ్చో లెక్క ఉంటుంది. హాని నీడ అయితే నీడనే కొలిచారు. ఒకటిన్నర మీటరు పక్క సెట్‌బ్యాక్ ఏం కొలుస్తుంది? రెండు ఇళ్ల మధ్య వెలుగు రాని, నడవలేని, పాత సామాను పడి ఉండే సందు మిగులుతుంది. ఇరుగుపొరుగు ఒప్పుకుంటే గోడలు కలిపి కట్టుకొని, ఆ చోటంతా వెనక పెరడుగా మిగుల్చుకోవడం మేలని నా గట్టి నమ్మకం. అగ్ని భయానికి మందమైన అగ్నినిరోధక గోడ ఉంది.

ఏ పని ఎక్కడ చేసుకోవచ్చన్న విషయంలోనూ జపాన్ పద్ధతి చూడదగ్గది. దేశమంతటికీ కలిపి 13 రకాల జోన్లే ఉన్నాయి, అందరికీ అవే. అతి కఠినమైన నివాస జోన్‌లో కూడా సొంత ఇంట్లో 50 చదరపు మీటర్లు మించకుండా, ఇంటి విస్తీర్ణంలో సగానికి లోపు, చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. సముద్రం అవతల అమెరికాకు వెళ్తే చాలా నగరాలకు పదుల కొద్దీ జోన్లు, ఉపజోన్లు, మినహాయింపులు. అంత గజిబిజి ఉన్నచోట న్యాయవాదిని పెట్టుకోగలిగినవాడే గెలుస్తాడు.

(సభలో ఒకరు: ఇళ్లు పెరిగితే మురుగు కాలువలు తట్టుకోగలవా? మా భయం అదే.)

అడగాల్సిన ప్రశ్నే. ఈ భయాన్ని స్వార్థమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే భయాన్ని అంకెగా మార్చండి. మీ వీధి కింద మురుగు గొట్టం వ్యాసం ఎంత, ఏ ఏడాది వేశారు, ప్రస్తుతం ఎంత నిండుతోంది అని రాతపూర్వకంగా అడగండి. ఒక సంగతి చాలామందికి తెలియదు. వాలు అదే ఉంటే, గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే ప్రవాహ సామర్థ్యం ఆరు రెట్లు దాటుతుంది. తవ్వకం ఖర్చు మాత్రం ఆరు రెట్లు కాదు. అందుకని రోడ్డు ఎలాగూ తవ్వే రోజున పెద్ద గొట్టం వేయడం తెలివైన పని. నగరం లోపల ఇళ్లు రాకపోతే అవి నగరం అంచున పొలాల్లో వస్తాయి. అక్కడికి కిలోమీటర్ల కొద్దీ కొత్త గొట్టాలు, కొత్త రోడ్లు వేయాలి. ఆ ఖర్చు ఎవరూ ఈ సభల్లో అడగరు. కాబట్టి కాలువలు తట్టుకోలేవు గనుక ఇళ్లు వద్దనకండి. ఈ గొట్టం ఫలానా ఏడాదిలోగా మార్చే నిధులు ప్రణాళికలో చూపించండి అని రాయండి.

నీరు పారే చోటు మాత్రం వేరు. అక్కడ నేను చాలా కఠినంగా ఉంటాను. 2017లో హార్వే తుపాను హ్యూస్టన్‌ను ముంచింది. మరుసటి ఏడాది ఆ నగరం, వరద మైదానాల్లో కొత్తగా కట్టే ఇంటి నేలమట్టం 500 ఏళ్ల వరద (ఏ ఏడాదైనా రావడానికి అయిదు వందల్లో ఒక వంతు అవకాశమున్న వరద) మట్టానికి రెండు అడుగులు పైన ఉండాలని నియమం మార్చింది. ఆక్లాండ్‌ను 2023 జనవరిలో కుంభవృష్టి ముంచెత్తింది. ఆ తర్వాత అక్కడా వరద ముప్పున్న చోట్ల నియమాలు బిగించే పని మొదలైంది. నగరం నడిబొడ్డున, రైలు దగ్గర, మెరక మీద నియమాలు వదులు చేయాలి. కాలువ ఒడ్డున, చెరువు ముంపు ప్రాంతంలో బిగించాలి. ఒకే పత్రంలో ఈ రెండూ ఉండాలి. మొదటిది ఉండి రెండోది లేని ముసాయిదా కనబడితే నా అభ్యంతరం కూడా మీ అభ్యంతరంతో కలపండి.

ఇక డబ్బు. ఒక స్థలానికి అనుమతించే విస్తీర్ణాన్ని నిజంగా పెంచితే, మర్నాడే ఆ భూమి విలువ పెరుగుతుంది. యజమాని ఇటుక కూడా పేర్చలేదు. విలువ పెంచింది ప్రజల నిర్ణయం. దానిలో వాటా ప్రజలకు రావాలా వద్దా? బ్రెజిల్‌లోని సావో పావ్లో 2014 ప్రణాళికలో దీనికి సూటిగా సమాధానం చెప్పింది. నగరమంతటా ఉచితంగా కట్టుకోగలిగింది స్థలం విస్తీర్ణానికి ఒక రెట్టు మాత్రమే. అంతకు మించి పరిమితి దాకా కట్టాలంటే నగరానికి రుసుము కట్టాలి. ఆ సొమ్ము నగరాభివృద్ధి నిధికి చేరుతుంది. అందులో కనీసం 30 శాతం సామాన్యుల ఇళ్లకు కావలసిన భూమికి, కనీసం 30 శాతం ప్రజారవాణా, సైకిలు, నడక దారులకు ఖర్చు చేయాలని ఆ 2014 ప్రణాళికలో రాశారు. నిధి ఎటు పోవాలో నియమంలోనే రాసి ఉండటం నాకు నచ్చింది. మీ ముసాయిదాలో రుసుము ఉంటే అది ఏ ఖాతాకు పోతుందో, దేనికి ఖర్చు చేయాలో రాశారా అని చూడండి. సాధారణ ఖజానాలో కలిసిపోయే రుసుముతో మీ కాలువ మారదు.

రుసుముకు బదులు కొన్ని నగరాలు ప్రోత్సాహకం ఇస్తాయి. ప్రజలకు ఖాళీ స్థలం వదిలితే అదనపు అంతస్తులు ఇస్తామంటాయి. న్యూయార్క్ 1961లో అలా చేసింది. అత్యంత రద్దీ ప్రాంతాల్లో ఒక చదరపు అడుగు ప్లాజాకు 10 చదరపు అడుగుల అదనపు నిర్మాణం ఇచ్చింది. బిల్డర్లు అదనపు అడుగులు తీసుకున్నారు. ప్లాజాలు వదిలారు కూడా. కానీ చాలాచోట్ల కూర్చోవడానికి బల్ల లేదు, చెట్టు లేదు, ఎండలో మండే రాతి నేల మాత్రం ఉంది. విలియం వైట్ అనే పరిశీలకుడు సినిమా కెమెరా పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ కూర్చోరో చూపించాక, 1970లలో నియమం మార్చి ఇన్ని కూర్చునే చోట్లు, ఇన్ని చెట్లు ఉండాలని రాశారు. ప్రోత్సాహకం పక్కన ప్రతిఫలం అంత వివరంగా రాయకపోతే నగరం అంతస్తులు ఇచ్చి బండలు పుచ్చుకుంటుంది.

చివరగా ఒక వాక్యం కోసం వెతకమంటాను. "సంబంధిత అధికారి సంతృప్తి చెందిన మీదట", "కమిటీ సముచితమని భావిస్తే" లాంటి మాటలు. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నియమం చేశారు. చెక్క భవనంలో బట్టలుతికే దుకాణం నడపాలంటే అధికారుల అనుమతి కావాలి. చదివితే అగ్నిమాపక నియమమే. నగరంలో అలాంటి దుకాణాలు సుమారు 320, వాటిలో దాదాపు 310 చెక్కవే. అనుమతి అడిగిన చైనీయులు 200 మంది దాకా ఉన్నారు, ఒక్కరికీ రాలేదు. చైనీయులు కానివారిలో ఒక్కరికి తప్ప అందరికీ వచ్చింది. నియమంలో ఎవరి పేరూ లేదు. అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చే అధికారం మాత్రం ఒక చేతిలో ఉంది. 1886లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. షరతులన్నీ తీర్చినవాడికి అనుమతి హక్కుగా రావాలి, దయగా కాదు. దయ అవసరమైన చోట దళారి పుడతాడు. అధికారి నిర్ణయానికి వదిలిన ప్రతి క్లాజునూ కొలవగలిగే షరతుగా మార్చమని రాయండి.

(సభలో మరొకరు: మేము అద్దెకు ఉంటున్నాం. మా మాట ఎవరు వింటారు?)

మీరు అడగడం నాకు చాలా సంతోషం. నోటీసులు సాధారణంగా యజమానుల చిరునామాకు పోతాయి. సభలకు వచ్చేవారూ ఎక్కువగా వారే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో పరిశోధకులు పట్టణాల ప్రణాళికా సభల మినిట్స్ తీసి, మాట్లాడినవారెవరో ఓటర్ల జాబితాలతో పోల్చి చూశారు. మిగతా జనం కంటే వయసులో పెద్దవారు, సొంత ఇల్లు ఉన్నవారు ఎక్కువ. కొత్త ఇళ్లను వ్యతిరేకించినవారూ ఎక్కువ. కొత్త ఇళ్లలోకి రాబోయేవారు అసలు ఆ ఊళ్లోనే ఉండరు కాబట్టి సభకు రారు. మీరు మాత్రం ఇక్కడే ఉన్నారు. పాత భవనం కూల్చి కొత్తది కట్టేటప్పుడు అందులో అద్దెకున్నవారికి ముందస్తు గడువు, తరలింపు ఖర్చు, కొత్త భవనంలోకి తిరిగి వచ్చే హక్కు ఉన్నాయా అని ముసాయిదాలో వెతకండి. లేకపోతే వాటిని చేర్చమని మీరే రాయండి. నియమాలు సడలించాలని కోరేవాళ్లు ఈ అంశం దాటేస్తుంటారు, అది తప్పు. ఇళ్లు పెరగాలి, ఆ పేరుతో ఇవాళ ఉన్న మనిషి వీధిన పడకూడదు.

రాసేటప్పుడు ఆవేశం తగ్గించి క్లాజు నంబరు రాయండి. పేజీ నంబరు రాయండి. ఇందాక మనం గీసినట్టు మీ వీధిలోని ఒక నిజమైన స్థలం కొలతలు తీసుకొని బొమ్మ గీసి జత చేయండి. ప్రతిపాదిత నియమం ప్రకారం ఇక్కడ ఎన్ని ఇళ్లు వస్తాయి, పాత నియమం ప్రకారం ఎన్ని వచ్చేవి, పార్కింగ్ అంకె ఒకటి నుంచి సున్నాకు మారిస్తే ఎన్ని వస్తాయి అని మూడు లెక్కలు పక్కపక్కన పెట్టండి. అందిన రసీదు తీసుకోండి. తుది పత్రం వచ్చాక మీ క్లాజు మారిందో లేదో, మారకపోతే కారణం రాశారో లేదో చూసి మళ్లీ అడగండి. స్థలం గీయడం రానివారు సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి, స్కేలూ గ్రాఫ్ కాగితాలూ తెచ్చాను, కలిసి గీద్దాం.